సబ్బు నీళ్లలో సుజుకీ రియాక్షన్: నా ప్రాజెక్టు డైరీ

నవంబరు 4

నాన్న ఇరవై ఆరేళ్లు ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో రియాక్టర్ ఆపరేటర్‌గా పనిచేశాడు. సెకండ్ షిఫ్ట్ నుంచి వచ్చాక ఆయన చొక్కాను అమ్మ ఇంట్లోకి రానిచ్చేది కాదు, వరండాలో దండెం మీదే వేసేది. ఆ వాసన టోలుయీన్‌దని నాకు ఎమ్మెస్సీలో చేరాకే తెలిసింది. మొదటిసారి ల్యాబులో సీసా మూత తీయగానే ఇల్లు గుర్తొచ్చింది.

అందుకే ప్రాజెక్టు ఏం చేస్తావని సార్ అడిగినప్పుడు ఆలోచించలేదు. సుజుకీ కప్లింగ్‌ను టోలుయీన్, డీఎంఎఫ్ లాంటి ద్రావణులు లేకుండా, సర్ఫాక్టెంట్ (సబ్బు లాంటి పదార్థం) కలిపిన నీళ్లలో చేస్తానన్నాను. పల్లాడియం సాయంతో రెండు బెంజీన్ వలయాలను అతికించే రియాక్షన్ ఇది. 2010లో హెక్, నెగిషి, సుజుకీలకు కలిపి నోబెల్ వచ్చింది ఈ రకం పనికే. బీపీ మాత్రల్లో లోసార్టాన్, వాల్సార్టాన్, నాన్న రోజూ వేసుకునే టెల్మిసార్టాన్, అన్నిట్లోనూ అలా అతుక్కున్న జంట వలయాలు ఉంటాయి.

రాత్రి ఫోన్లో చెబితే నాన్న అన్నది ఒక్కటే మాట. "నూనె నీళ్లల్ల కలుస్తదా బిడ్డా? కరగనిది రియాక్షన్ ఎట్లయితది?"

ప్రాజెక్టు మొత్తం ఈ ప్రశ్నకు జవాబే.

నవంబరు 11

పల్లాడియం ముట్టుకునే ముందు చౌక రసాయనాలతో ఒకటి చేసి చూడమన్నారు సార్. క్రిస్టల్ వయొలెట్ రంగు, సోడియం హైడ్రాక్సైడ్. హైడ్రాక్సైడ్ వచ్చి రంగు అణువును తాకగానే ఊదారంగు పోతుంది. దీన్ని సర్ఫాక్టెంట్లలో చేసి చూడటం 1959లో డైన్‌స్టీ, గ్రున్‌వాల్డ్‌ల నాటి నుంచి ఉంది.

మూడు టెస్ట్‌ట్యూబులు పెట్టాను. ఒకదాంట్లో ఉత్త నీళ్లు, ఒకదాంట్లో సీటాబ్, ఒకదాంట్లో ఎస్‌డీఎస్. చివరి రెండూ సర్ఫాక్టెంట్లే. మూడింట్లోనూ క్షారం 0.02 మోలార్. ఉత్త నీళ్లలో రంగు సగమవడానికి మూడు నిమిషాలు పట్టింది. సీటాబ్ ట్యూబు నేను స్టాప్‌వాచ్ నుంచి కళ్లు ఎత్తేలోపే లేత లావెండర్ అయిపోయింది. ఎస్‌డీఎస్ ట్యూబు గంట తర్వాత కూడా పొద్దున ఎంత ముదురుగా ఉందో అంతే ఉంది.

పాఠ్యపుస్తకంలో ఇదంతా రెండు లైన్లు. కళ్లారా చూస్తే వేరు. సర్ఫాక్టెంట్ అణువుకు నీటిని ఇష్టపడే తల, నూనెను ఇష్టపడే తోక ఉంటాయి. ఒక గాఢత దాటాక తోకలన్నీ లోపలికి, తలలు బయటికి పెట్టి గుండ్రంగా చేరతాయి. అదే మైసెల్. ఎస్‌డీఎస్ మైసెల్ పైభాగం రుణావేశం. ధనావేశం ఉన్న రంగును దగ్గరికి లాక్కుంటుంది, రుణావేశం ఉన్న హైడ్రాక్సైడ్‌ను తరిమేస్తుంది. రంగు లోపల, క్షారం బయట. కలిసేదెప్పుడు? సీటాబ్‌లో తలలు ధనావేశం కాబట్టి హైడ్రాక్సైడ్ అంతా మైసెల్ చుట్టూ మూగుతుంది. రంగుదీ అదే ఆవేశం అయినా, దాని బెంజీన్ వలయాలకు నీళ్లకన్నా మైసెలే హాయి, అందుకని అదీ అక్కడికే చేరుతుంది. ఇద్దరూ ఒకే గుమ్మంలో కలుస్తారు.

సబ్బు వేస్తే రియాక్షన్ వేగమవుతుందని చాలామంది అనుకుంటారు, మొన్నటి వరకు నేనూ అనుకున్నాను. అది తప్పు. ఏ అణువు ఎక్కడ కూర్చుందన్నదే లెక్క. అదే సబ్బు ఒక రియాక్షన్‌ను ఆపేయగలదు కూడా.

నవంబరు 12

పొద్దున వచ్చేసరికి సీటాబ్ సీసా అడుగున తెల్లటి సూదులు. ఎవరో ఏదో కలిపేశారనుకుని పారబోయబోయాను. సీనియర్ అక్క ఆపి, "రెండు చేతుల్లో పట్టుకుని కూర్చో" అంది. అయిదు నిమిషాల్లో సూదులు కరిగి నీళ్లు తేటపడ్డాయి. రాత్రంతా ఏసీ 20 దగ్గర ఉంది. సీటాబ్‌కు క్రాఫ్ట్ ఉష్ణోగ్రత దాదాపు 25 డిగ్రీలు, అంతకన్నా చల్లబడితే మైసెల్‌గా ఉండలేక స్ఫటికమైపోతుంది. ఇక నుంచి సీటాబ్ సీసా నా డ్రాయర్‌లో, ఏసీ గాలికి దూరంగా ఉంటుంది.

నవంబరు 19

ఎస్‌డీఎస్ సీఎంసీని (మైసెల్స్ మొదలయ్యే గాఢత) కండక్టివిటీ మీటర్‌తో కొలిచాను. గాఢత పెంచుతూ గ్రాఫ్ గీస్తే 8 మిల్లీమోలార్ దగ్గర గీత వంగింది. పుస్తకంలో 8.2. నా చేతి గ్రాఫ్‌కు ఇది చాలు.

నవంబరు 25

మైక్రోఎమల్షన్ రోజు, అంటే నూనెను నీళ్లలో కంటికి కనబడనంత చిన్న చుక్కలుగా కలిపే రోజు. ఇన్ని రోజుల్లో ఇంత సంతోషం కలిగిన సాయంత్రం లేదు.

10 మి.లీ. నీళ్లు, గ్రాము ఎస్‌డీఎస్, 2 మి.లీ. టోలుయీన్ బీకరులో వేసి తిప్పాను. పాలు. అందులోకి బ్యూరెట్ నుంచి బ్యూటనాల్ చుక్కచుక్కగా వదిలాను. మిల్లీలీటరు అయింది, పాలే. ఒకటిన్నర అయింది, కాస్త పలచబడ్డ పాలు. చేయి నొప్పెట్టి ఆపేద్దామనుకుంటుండగా బీకరు వెనకున్న బ్యూరెట్ స్టాండు నీడ కనిపించింది. ఇంకో నాలుగు చుక్కలు. అంతే, బీకరు అద్దంలా అయిపోయింది. అందులో టోలుయీన్ ఎక్కడికీ పోలేదు, చుక్కలు పదుల నానోమీటర్లకు చిన్నవైపోయాయి కాబట్టి వెలుతురుకు అడ్డు రావడం లేదు. లేజర్ పాయింటర్ వేస్తే ఎర్రటి గీత మాత్రం బీకరు లోపల స్పష్టంగా కనబడింది. జూనియర్ చూసి "అక్కా, నీళ్లల్ల దారం కట్టినట్టుంది" అంది.

హోర్, షుల్మన్ 1943లో చూసింది ఇదే. మైక్రోఎమల్షన్ అనే పేరు మాత్రం 1959లో వచ్చింది. పాలను అలాగే వదిలేస్తే మీగడ తేలుతుంది. ఇది తేలదు. గిలక్కొట్టడం వల్ల కాదు, తనంతట తనే ఏర్పడుతుంది, ఉష్ణోగ్రత, పాళ్లు మారకపోతే అలాగే ఉంటుంది. మూత బిగించి కిటికీలో పెట్టాను.

డిసెంబరు 2

ఆ మైక్రోఎమల్షన్‌లోనే మొదటి సుజుకీ పెట్టాను. అతుక్కోవాల్సిన జంట 4-బ్రోమోఎసిటోఫినోన్ (ఇక మీదట బ్రోమైడ్), ఫినైల్‌బోరోనిక్ ఆమ్లం; క్షారం ట్రైఇథైలమీన్, ఉత్ప్రేరకం పల్లాడియం ఎసిటేట్. రియాక్షన్ నడిచింది. కష్టమంతా తర్వాత వచ్చింది.

ఉత్పత్తిని బయటికి తీద్దామని ఇథైల్ ఎసిటేట్ పోసి సెపరేటింగ్ ఫన్నెల్‌లో ఊపాను. ఫన్నెల్ నిండా నురగ, మధ్యలో విడిపోని తెల్లటి పొర. ఉప్పు నీళ్లు పోశాను, గంట ఆగాను, సెంట్రిఫ్యూజ్ చేశాను. సాయంత్రానికి చేతికొచ్చింది జిడ్డు, అందులో బ్యూటనాల్, టోలుయీన్, ఎస్‌డీఎస్ అన్నీ ఉన్నాయి.

రాత్రి కూర్చుని నిజాయితీగా ఆలోచించాను. టోలుయీన్ వద్దని మొదలుపెట్టి దాన్నే నీళ్లలో కనబడకుండా దాచాను. నా బ్రోమైడ్ ఘనపదార్థం, దానికి నూనె దశ అక్కర్లేదు. మైక్రోఎమల్షన్ నిజంగా పనికొచ్చేది రియాక్షన్‌లో పాల్గొనే పదార్థమే నూనె అయినప్పుడు. జర్మనీలో ఓబర్‌హౌజెన్‌లో 1984 నుంచి ప్రొపీన్‌ను రోడియం ఉత్ప్రేరకంతో నీళ్లలోనే ఆల్డిహైడ్‌గా మారుస్తున్నారు. లోహాన్ని పట్టుకుని ఉండే, నీటిలో కరిగే ఫాస్ఫీన్ లిగాండ్ వల్ల రోడియం నీళ్లలోనే ఉండిపోతుంది, ఉత్పత్తి పైన తేలుతుంది. ప్రొపీన్ కొంతైనా నీళ్లలోకి వస్తుంది కాబట్టి అది సాగింది. పన్నెండు కార్బన్ల డోడెసీన్ నీళ్లలోకి రాదు. అందుకే బెర్లిన్ టెక్నికల్ యూనివర్సిటీలో రైన్‌హార్డ్ షోమేకర్ బృందం డోడెసీన్‌నే నూనెగా పెట్టి, ఆవేశం లేని సర్ఫాక్టెంట్‌తో మైక్రోఎమల్షన్ చేసి, మినీప్లాంట్ దాకా తీసుకెళ్లింది. రియాక్షన్ అయ్యాక ఉష్ణోగ్రత మార్చి పొరలు విడదీస్తారు, నూనె పొరలో ఉత్పత్తి పోతుంది, రోడియం వెనక్కి వస్తుంది. అక్కడ మైక్రోఎమల్షన్ చేసే పని ఇంకేదీ చేయలేదు. నా పనికి ఉత్త మైసెల్ ద్రావణం చాలు.

కిటికీలో పెట్టిన సీసా ఇవాళ్టికీ తేటగానే ఉంది. పారబోయను.

డిసెంబరు 9

శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో బ్రూస్ లిప్‌షుట్జ్ 2011లో టీపీజీఎస్-750-ఎం అనే సర్ఫాక్టెంట్ తెచ్చారు. విటమిన్-ఇ ఒక చివర, నీటిని ఇష్టపడే పాలీఇథిలీన్ గ్లైకాల్ గొలుసు మరో చివర, మధ్యలో సక్సినిక్ ఆమ్లం. నీళ్లలో రెండు శాతం వేస్తారు. మాకు అది కొనే స్తోమత లేదు. దాని అక్కలాంటి టీపీజీఎస్-1000 మాత్రం మందుల ఫార్ములేషన్‌లో వాడే సరుకు, హైదరాబాద్‌లో దొరకడం కష్టం కాదు. డబ్బా తెరిస్తే లేత పసుపు మైనం. గరిటెతో తీస్తే ముద్దగా సాగుతుంది, కాగితం మీద తూచితే సగం కాగితానికే అంటుకుంటుంది. బీకరులోనే నేరుగా తూచి, గోరువెచ్చని నీళ్లు పోసి తిప్పితే పదినిమిషాల్లో కరిగింది. దీని సీఎంసీ 0.02 శాతం, అంటే రెండు శాతం ద్రావణంలో అంతకు వంద రెట్లు ఉంది, మైసెల్స్‌కు కొదవలేదు.

నైట్రోజన్ పట్టించడం దగ్గర దెబ్బతిన్నాను. మామూలు ద్రావణిలో చేసినట్టే సూది ముంచి వదిలాను. అర నిమిషంలో వయల్ (చిన్న గాజు సీసా) నురగతో నిండి, సెప్టమ్ అనే రబ్బరు మూత లోంచి ట్యూబులోకి ఎక్కింది. పల్లాడియం వేశాకే చేశాను కాబట్టి అది కూడా నురగతో పోయింది. ఇప్పుడు నా పద్ధతి: ఉత్త నీళ్లను ముందే అరగంట నైట్రోజన్‌తో ఊది, తర్వాత సర్ఫాక్టెంట్ కలపడం. వయల్‌లో సూదిని నీటి పైనే ఉంచి గాలిని తరమడం. ఎవరైనా ఈ పని మొదలుపెడితే ఇది ముందు రాసుకోండి. గాలి మిగిలితే బోరోనిక్ ఆమ్లం తనతో తనే అతుక్కుని బైఫినైల్ అవుతుంది, టీఎల్‌సీ (పదార్థాలను మచ్చలుగా విడదీసి చూపే పరీక్ష) మీద పైన ఇంకో స్పాట్ కనిపిస్తుంది.

డిసెంబరు 16

అసలు పోలిక. ప్రతి వయల్‌లో బ్రోమైడ్ 99.5 మి.గ్రా., బోరోనిక్ ఆమ్లం 73 మి.గ్రా., ట్రైఇథైలమీన్ 0.21 మి.లీ., సర్ఫాక్టెంట్ ద్రావణం 1 మి.లీ., 45 డిగ్రీలు, నాలుగు గంటలు. పల్లాడియం ఎసిటేట్ పక్కన పెట్టి, సార్ ఫ్రిజ్‌లో దాచిన ఫెరోసీన్ ఫాస్ఫీన్ లిగాండ్ ఉన్న పల్లాడియం క్లోరైడ్ సంక్లిష్టం వాడాను, వయల్‌కు 6.5 మి.గ్రా., రెండు మోల్ శాతం. ఇటుక పొడి రంగు. ఒక్కో గింజ తూచేటప్పుడు ఊపిరి బిగపట్టాను.

దిగుబడి టీపీజీఎస్‌లో 91 శాతం. గ్లైకాల్ గొలుసే ఉన్న ఇంకో సర్ఫాక్టెంట్ ట్రైటాన్ ఎక్స్-100లో 84. సీటాబ్‌లో 66. ఎస్‌డీఎస్‌లో 43. ఉత్త నీళ్లలో 35.

ఆ చివరి అంకె గురించి చెప్పాలి. సర్ఫాక్టెంట్ లేకుండా కూడా మూడో వంతు అయింది. కరగని పదార్థం నీటి ఉపరితలం మీద రియాక్ట్ అవడం కొత్తేం కాదు, షార్ప్‌లెస్ బృందం 2005లో దానికి 'ఆన్ వాటర్' అని పేరు పెట్టింది. ఉత్త నీళ్ల వయల్ పెట్టకుండా మా సబ్బు గొప్పదని చెప్పుకోవడం సరికాదు.

ఎస్‌డీఎస్ వెనకబడటం క్రిస్టల్ వయొలెట్ రోజే తెలిసిపోయినట్టే. బోరోనిక్ ఆమ్లం క్షారంతో కలిసి అయ్యే బోరోనేట్ రుణావేశం, ఎస్‌డీఎస్ తలలూ రుణావేశం. ఆ లెక్కన సీటాబ్ అందరికన్నా ముందుండాలి. వయల్ పైకెత్తి చూస్తే కారణం గాజుకే అంటుకుని ఉంది: బ్రోమైడ్ జిగురు ఉండలా అయి గోడకు పట్టేసింది, కలియబెట్టే అయస్కాంతం బీడ్ దాని చుట్టూ తిరుగుతోంది. మర్నాడు బ్రోమైడ్‌ను కల్వంలో మెత్తగా నూరి, పెద్ద బీడ్ వేసి, పది శాతం ఎసిటోన్ కలిపి మళ్లీ పెడితే సీటాబ్ 79కి వచ్చింది. కాగితం మీద మైసెల్ బొమ్మలు గీస్తాం గానీ, కలియబెట్టడం సరిగా లేకపోతే ఆ బొమ్మలన్నీ వృథా.

క్షారంగా పొటాషియం ఫాస్ఫేట్ వేసి చూసిన రోజు ట్రైటాన్ వయల్ పాలలా విరిగి రెండు పొరలైంది. అంత ఉప్పు ఉంటే గ్లైకాల్ గొలుసు నీళ్లలో నిలవలేదు. ట్రైఇథైలమీన్‌కే తిరిగొచ్చాను.

డిసెంబరు 23

ఇవాళ కాలిక్యులేటర్ ముందు కూర్చుని బాధపడ్డాను. వయల్‌లో 89 మి.గ్రా. ఉత్పత్తి. దాన్ని తీయడానికి ఇథైల్ ఎసిటేట్ మూడుసార్లు 5 మి.లీ. చొప్పున వాడాను, అంటే 13.5 గ్రాములు. గ్రాము ఉత్పత్తికి 150 గ్రాముల ద్రావణి! రియాక్షన్ నీళ్లలో చేశానని పోస్టర్ మీద ఆకుపచ్చ అక్షరాలతో రాయడానికి నాకు మనసు రాదు.

వర్కప్ (ఉత్పత్తిని వేరుచేసే పద్ధతి) మార్చాను. రియాక్షన్ అయ్యాక 2 మి.లీ. నీళ్లు పోసి, ఐసులో అరగంట ఉంచి, సింటర్డ్ ఫన్నెల్‌లో వడకట్టాను. నా ఉత్పత్తి 4-ఎసిటైల్‌బైఫినైల్ నీళ్లలో కరగదు, తెల్లగా మిగిలిపోయింది. ఎక్స్‌ట్రాక్షన్ ద్రావణి సున్నా. కానీ ఎం.పీ. (కరిగే ఉష్ణోగ్రత) ఏడు డిగ్రీల మేర సాగింది, శుద్ధమైన దానికి అంత సాగకూడదు. ఎన్‌ఎంఆర్ (అణువు నిర్మాణాన్ని శిఖరాలుగా చూపే పరీక్ష) వచ్చాక దొంగ దొరికాడు: 3.6 దగ్గర పొడవాటి ఒంటరి శిఖరం, గ్లైకాల్ గొలుసుది. టీపీజీఎస్ అంటుకుని ఉంది. చల్లటి నీళ్లతో కాకుండా గోరువెచ్చని నీళ్లతో రెండుసార్లు కడిగి, 2 మి.లీ. ఇథనాల్‌లో రీక్రిస్టలైజ్ చేస్తే ఒక్క డిగ్రీ తేడాలోనే, ఖచ్చితంగా కరిగింది. శిఖరం కూడా పోయింది.

జనవరి 3

సంక్రాంతికి ముందు ఇంటికి వెళ్లినప్పుడు కుంకుడుకాయలు తెచ్చాను. జూనియర్ చాలా రోజులుగా అడుగుతోంది. అందులోని సాపోనిన్లు కూడా సర్ఫాక్టెంట్లే కదా అని. అమ్మ ఫోన్లో, "గింజలు తీసి, ఉడుకు నీళ్లల్ల నానబెట్టు, చేత్తోని పిసుకు" అంది. 10 గ్రాముల తొక్కకు 100 మి.లీ. నీళ్లు, వడకట్టాక టీ రంగు ద్రావణం, నాలుగు దాటిన పీహెచ్. సాపోనిన్‌లో ఉచిత ఆమ్ల సమూహం ఉంది కాబట్టి పుల్లదనం సహజం. ట్రైఇథైలమీన్ కొంచెం ఎక్కువ వేశాను.

ఇందులో ఖరీదైన సంక్లిష్టం వేయడానికి చేయి రాక పల్లాడియం ఎసిటేట్ 2.2 మి.గ్రా. వేశాను. పది నిమిషాల్లో నల్లబడింది. కుంకుడు రసంలోని చక్కెరలు, ఫినాలిక్ పదార్థాలు పల్లాడియంను లోహంగా మార్చేశాయి. అయిపోయిందనుకుని వదిలేస్తే, సాయంత్రం టీఎల్‌సీలో ఉత్పత్తి స్పాట్ బాగానే ఉంది. ఆ నలుపు నానోకణాలు కూడా ఉత్ప్రేరకమే. 58 శాతం. పొడి మాత్రం బెల్లం రంగులో వచ్చింది, రెండుసార్లు స్ఫటికీకరించినా పూర్తిగా తెల్లబడలేదు. ల్యాబులో ఈ వార్త విన్నవాళ్లందరూ దీన్నే ప్రాజెక్టు టైటిల్ చేయమన్నారు. చేయను. ప్రతి కాయలో సాపోనిన్ ఒకేలా ఉండదు, రంగు పోదు. కానీ జూనియర్ దీన్ని సొంత పనిగా తీసుకుంటానంటే సంతోషం, నా నోట్‌బుక్ ఇచ్చేస్తాను.

జనవరి 18

5 మిల్లీమోల్ స్కేలుకు పెంచాను. బ్రోమైడ్ దాదాపు గ్రాము, టీపీజీఎస్ ద్రావణం 10 మి.లీ., పల్లాడియం అర మోల్ శాతానికి తగ్గించాను. వడకట్టిన నీళ్లను పారబోయకుండా అందులోనే మళ్లీ బ్రోమైడ్, బోరోనిక్ ఆమ్లం, క్షారం వేశాను. పల్లాడియం కొత్తగా వేయలేదు. మొదటిసారి 91, రెండోసారి 88, మూడోసారి 77, నాలుగోసారి 59. నాలుగోసారికి ద్రావణం ముదురు గోధుమ రంగు, వడకట్టడానికి ముప్పావు గంట.

జనవరి 25

ఇంట్లో అన్నం తింటూ నాన్నకు ఈ నాలుగు అంకెలూ చెప్పాను. ఆయన కంచంలో చేయి ఆపి విన్నాడు.

"నువ్వు చేస్తున్నది ఎమ్మెల్ రీసైకిల్ బిడ్డా," అన్నాడు. మదర్ లిక్కర్‌ను, అంటే వడకట్టాక మిగిలే ద్రావణాన్ని, ప్లాంటులో అందరూ అలాగే అంటారట. "మా దగ్గర గూడ మూడో బ్యాచ్‌కు ఇంప్యూరిటీ పెరిగేది. మొత్తం ఎమ్మెల్ ఎన్నడు వాడకపోయేటోళ్లం. ప్రతిసారి నాలుగో వంతు తీసి పక్కకు పెట్టి, అంత కొత్తది పోసేటోళ్లం. అప్పుడు ఏడెనిమిది బ్యాచ్‌లు నడిచేది."

తర్వాత ఇంకో మాట అడిగాడు. "ఆ పక్కకు తీసింది యాడికి పోతది? ఈటీపీ ట్యాంకుల గాలి కొడితె నురగ పొంగుతది, వాళ్లు తీసుకోరు." ఈటీపీ అంటే ఫ్యాక్టరీ వ్యర్థజలాలను శుద్ధి చేసే ప్లాంటు. ఈ ప్రశ్న నేను చదివిన ఏ పేపర్లోనూ నాకు ఎదురవలేదు. తీసిన భాగాన్ని ఆవిరి చేసి, మిగిలిన మైనంలో పల్లాడియం ఎంతుందో కొలవాలని రాసుకున్నాను. నోటి మందుల్లో పల్లాడియం రోజుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదన్న ఐసీహెచ్ (మందుల ప్రమాణాలు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ) హద్దు ఉంది, ఉత్పత్తిలోకి ఎంత వెళ్తోందో కూడా తెలియాలి.

ఫిబ్రవరి 8

నాన్న చెప్పినట్టే చేశాను. ప్రతి రౌండు తర్వాత నాలుగో వంతు తీసేసి, అంతే కొలత కొత్త టీపీజీఎస్ ద్రావణం, దానికి సరిపడా పల్లాడియం. 91, 90, 87, 88. నాలుగో రౌండు పది నిమిషాల్లో వడకట్టడం అయిపోయింది.

అయిదో రౌండు కేకు (వడకట్టిన ఉత్పత్తి ముద్ద) ఇప్పుడు డెసికేటర్‌లో ఆరుతోంది. పక్కనే నాలుగు చిన్న సీసాల్లో తీసేసిన ఎమ్మెల్, మీద తేదీలు. పల్లాడియం ఎంతుందో కొలిచే ఐసీపీ పరీక్షకు పంపాల్సిన కవరు మీద అడ్రసు రాసిపెట్టాను, సోమవారం కొరియర్.